ఎడమవైపు ముక్క

ఆ మబ్బు ఇంకొంచెం సేపు అక్కడే ఉంటే చాలు, కదలకుండా, ఎవరో పరిచి మరిచిపోయిన దుప్పటిలా అలాగే పడి ఉంటే చాలు అనుకుంది తూకాలమ్మ, ఎదురుగా ఉన్న ఎత్తు కిటికీలోంచి కళ్లు తీయకుండా. కూర్చున్నది చెక్క బల్ల మీద. పక్కన చెల్లెలు. ఒళ్లో సూదులు గుచ్చిన గుడ్డ ఉండ, దారాలు, కత్తెర, సుద్దముక్క. ముందు మూసిన తలుపు. తలుపు వెనక, తెరలన్నీ దించిన గదిలో, దీపాల మధ్య, రాజుగారి పెద్దమ్మాయికి పెళ్లిగౌను తొడుగుతున్నారు. ఎక్కడైనా టాకా ఊడినా, గుండీ వదులైనా అందుకోవడానికి కుట్టినవాళ్లలో ఇద్దరు బయట సిద్ధంగా ఉండాలని ఆజ్ఞ. గంటలు మోగగానే ఆ తలుపు తెరుచుకుంటుంది, ఆ పిల్ల ఈ వసారా దాటి, పెద్ద మెట్లు దిగి, మూతలేని బండిలో ఊరంతా చూస్తుండగా కూర్చుంటుంది. అప్పటికి ఆ మబ్బు అక్కడే ఉంటే దుకాణం బతుకుతుంది. కదిలి ఎండ వచ్చిందా, గౌను వెనక ఎడమవైపు, నడుము నుంచి నేలదాకా ఒక ముక్క, ఒకే ఒక్క ముక్క, మిగతా పట్టు పాలమీగడలా మెరుస్తుంటే అది మాత్రం తోమని వెండిలా నల్లబారి కనిపిస్తుంది. గుడ్డిదీపానికి కనిపించదు, నీడలో కనిపించదు, ఎండకే కనిపిస్తుంది. ఎండలోనే ఊరు నిలబడి ఉంది.

పొద్దున్న బండిలోంచి దించుతుంటే చూసింది. తెల్లగుడ్డ చుట్టి, నలుగురు ఆడవాళ్లు చంటిపిల్లని మోసినట్టు మోసుకొస్తుంటే గాలికి చుట్టుగుడ్డ కొస లేచింది, ఎండ లోపలికి దూరింది, ఆ ముక్క నల్లగా బయటపడింది. కప్పేసింది. ఎవరూ చూడలేదనుకుంది. వెనకమెట్లు ఎక్కుతూ ఎక్కుతూనే కారణం తట్టింది, తట్టగానే కాళ్లు ఆగాయి, వెనక వస్తున్న, దుకాణంలో గుండీలు కుట్టే గుండీలామె "ఏంటమ్మా, మెట్టు మింగావా?" అంది. ఆ పట్టుకి నిగ్గు ఒకవైపే ఉంటుంది. పిల్లి వీపు తలనుంచి తోకవైపు నిమిరితే ఒక రంగు, ఎదురు నిమిరితే ఇంకో రంగు, అలాగ. అందుకే కత్తిరించిన ప్రతి ముక్క వెనకా సుద్దతో బాణం గీస్తారు. ఈ గౌను ముక్కలు నిలువు పట్టీలు, ఏ కొస నడుముకి పెట్టినా కొలత సరిపోతుంది. ఏది పైకొసో ఏది కిందకొసో చెప్పేది ఆ బాణం ఒక్కటే. తూకాలమ్మ దుకాణంలో బాణం మొన తలవైపు. చెల్లెలి దుకాణంలో బాణం మొన పాదాలవైపు. ఎడమవైపు వెనక ముక్క చెల్లెలి చేతికింద కత్తిరించింది. అతికింది తూకాలమ్మ మనుషులు. బాణం చూశారు, తమ లెక్కలో చూశారు, తలకిందులుగా అతికారు. ఈ ఊళ్లో బాణం రెండు రకాలుగా గీస్తారని ఎరిగిన మనిషి ఎవరయ్యా అంటే ఒక్కతే. అమ్మ దగ్గర ఒకలా నేర్చుకుని, అత్త దగ్గర ఇంకోలా మార్చుకున్న మనిషి.

మబ్బు అంచు తెల్లగా మెరిసింది. వెళ్లకు, అంది లోపల్లోపల, బేరం కుదరకుండా లేచిపోతున్న మనిషిని పిలిచినట్టు. అత్తగారిల్లు, మొదటి ఉదయం, పొడుగాటి బల్ల, బల్ల చుట్టూ కొత్త ముఖాలు, చేతిలో సుద్ద. అలవాటుగా కిందికి గీసింది. అత్త వచ్చి చూసి చేతిమీద చటుక్కున ఒక్కటిచ్చి, "ఏ ఇంట్లో పెరిగావమ్మా? మా ఇంట్లో బాణం తలకెక్కుతుంది, కాళ్ల దగ్గర పడి ఉండదు" అంది. అందరూ నవ్వారు. నిగ్గు జారే దిక్కు గీయాలి, నీళ్లు పల్లానికి పోయినట్టు, అది అమ్మ మాట, చెప్పాలనుకుంది, చెప్పలేదు. అప్పుడే చేసింది మొదటి బేరం. బాణం ఇచ్చేసింది, బల్ల దగ్గర చోటు తీసుకుంది. మంచి బేరమే. ఆ చోటునుంచి జరిగి జరిగి, అత్త కళ్లు మసకబారే వేళకి బల్ల తలకట్టు దగ్గరికి చేరింది. ప్రతి మాటా తక్కెడలో వేసి గాని బయటపెట్టదని ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్లే ఈ పేరు పెట్టారు, ముందు వెనక, తర్వాత ముఖం మీదే. ఇప్పుడు దుకాణానికి బట్టలకొచ్చేవాళ్లు కూడా తూకాలమ్మ ఉందా అనే అడుగుతారు. ఉంది. ఇక్కడుంది. రాజుగారి చెక్కబల్ల మీద కూర్చుని మబ్బుతో బేరమాడుతోంది.

"ఈ బల్ల మీద కూర్చుంటే నా నడుముకి ఇస్త్రీ అయిపోతోందక్కా," అంది చెల్లెలు. "ఇంత మేడ కట్టుకున్నవాళ్లకి ఒక మెత్త వేయాలని తోచలేదు చూడు."

"మెల్లగా మాట్లాడు."

"మెల్లగానే కదా. అదిగో, గలగలమ్మ." నడుముకి తాళంచెవుల గుత్తి వేలాడేసుకుని అంతఃపురం పెద్దావిడ వసారా అటుచివర దాటింది, చెవులు గలగలమన్నాయి, అటువైపు తలుపులోంచి లోపలికి మాయమైంది. మొదటిరోజే చెల్లెలు ఆ పేరు పెట్టింది, సాయంత్రానికల్లా కుట్టుగదంతా పాకింది. "ఆవిడకి తాళం వేయడానికి గదులు చాలక మనుషుల నోళ్లకి కూడా వేస్తోందట." తూకాలమ్మ నవ్వలేదు. చెల్లెలూ గట్టిగా నవ్వలేదు. "వాన పడుతుందంటావా?" అంది.

"పడదు."

"పడితే బావుణ్ణు."

"పెళ్లిరోజు ఏం మాటలే అవి?"

"ఉక్కగా ఉంది, అందుకని," అంది చెల్లెలు, కిటికీవైపు చూస్తూ.

ఉక్కగానే ఉంది. దుకాణంలో కుట్టుగది ఇంతకంటే ఉక్కగా ఉండేది. కిటికీలకి నల్లకాగితం అతికించారు రాజుగారి మనుషులు వచ్చి, గౌను ఎలా ఉంటుందో బయట పిట్టకి కూడా తెలియకూడదని. పగలైనా దీపాలే, అన్ని మూలలా దీపాలే, నాలుగువైపుల వెలుగులో నిగ్గు ఎటు పోతోందో ఏ కంటికి తెలుస్తుంది? ఆ కాగితం గోరంత చించి ఉంటే. పొద్దుటి ఎండ ఈనెపుల్లంత లోపలికి వచ్చి ఉంటే. రాలేదు. లోపలికి వచ్చేముందు కాళ్లు కడుక్కోవాలి, జుట్టుకి గుడ్డ కట్టుకోవాలి, తుమ్ము వస్తే గోడవైపు తిరిగి తుమ్మాలి, మొగుడితో సహా ఎవరికీ చెప్పకూడదని ఒట్టు. మరి ఇంట్లో ఏం చెప్పమంటావమ్మా అంది గుండీలామె. రాజుగారి దిండ్లకి గలేబులు కుడుతున్నామని చెప్పు అంది చెల్లెలు. ఇన్నాళ్లా, ఇన్ని దిండ్లా, రాజుగారికెన్ని తలలే అంది అంచులవ్వ, తల ఎత్తకుండా, వేళ్లతో అంచు తడుముకుంటూ. ఆ నవ్వులు. కళ్లు సగం పోయినా వేళ్లతో కుడుతుంది అవ్వ, అంచు చుట్టూ ఆమె కుట్టు ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో ఎవరూ చూపించలేరు. అవ్వ కూడా ఆ ముక్క అంచు మీదుగా వేళ్లు పోనిచ్చింది, పోనిచ్చి ఒక్కసారి ఆగింది, ఏంటవ్వా అంటే, ఏం లేదులే, దారం ముడిపడింది అంది. ముడిపడిందో లేదో. వయసు మళ్లిన మనిషి, ఈ దుకాణం మూతపడితే ఎవరు పని ఇస్తారు ఆ వేళ్లకి? గుండీలామె సంగతి వేరు, ఆమె నోటికి ఎక్కడైనా బతుకుతుంది. అవ్వ బతకదు. దుకాణమంటే బల్లా కత్తెరా కాదు, వీళ్లు. గౌను నచ్చి, రాజుగారి దర్జీలని చెప్పే ఆస్థానపు ముద్ర దుకాణం పలకమీద ఎక్కితే వీళ్లకి ముసలితనందాకా పని. రాకపోతే కూడా ఫరవాలేదు, ఇప్పుడున్నట్టే ఉంటారు. కానీ మాట పడితే? చౌరస్తాలో బల్లపరిచి గుండీలు అమ్ముకుంటున్న పెద్దదర్జీ ఒకప్పుడు ఈ మేడకే కోట్లు కుట్టాడు. రాజుగారి కోటుకి రెండు గుండీలు ఎగుడుదిగుడయ్యాయి, సభలో ఎవరో నవ్వారు, అంతే. గుండీల మీదే పోయిన మనిషి గుండీలే అమ్ముకుంటున్నాడు, వచ్చేపోయేవాళ్లతో తనే జోకులేస్తాడు దానిమీద. ఆ జోకులకి ఎవరూ నవ్వరు.

మబ్బు పలచబడింది. కిటికీ కింద నేలమీద ఒక వెలుగు చదరం, ఉందో లేదో అన్నట్టు, లేచి పడుకుంది. తూకాలమ్మ పాదం వెనక్కి తీసుకుంది. లెక్క వేయాలి. ఊరికే భయపడితే ఏం లాభం, లెక్క వేయాలి. ఇప్పుడు తలుపు కొట్టి చెప్తే ఒకటి. చెప్పకుండా మబ్బుమీద వదిలేస్తే ఒకటి. చెప్తే గలగలమ్మ మొదట అడిగేది ఎలా సరిచేస్తావని కాదు, ఎవరు చేశారని. పెద్దిళ్లల్లో అంతే, నిప్పంటుకున్నా ముందు అగ్గిపుల్ల ఎవరిదని అడుగుతారు. అప్పుడు నోరు తెరిచి, ఆ ముక్క మా చెల్లెలి దుకాణంలో కత్తిరించిందండీ, బాణం వాళ్లు గీసిందేనండీ అంటే? అబద్ధం కాదు. వెంట్రుకంత కూడా అబద్ధం లేదు. అరువు తెచ్చుకున్న చేతులు చేసిన తప్పు, నా చేతులు కావు. గలగలమ్మ ఆ పక్కకి తిరుగుతుంది, అవ్వ వేళ్లు మిగులుతాయి, గుండీలామె మిగులుతుంది, ముద్ర కూడా మిగిలినా మిగలొచ్చు. చెల్లెలి దుకాణం చిన్నది. ఒక గది, వెనక వంటిల్లు. అది పోతే. పోతే ఏమవుతుంది? ఆ లెక్క దగ్గరికి వచ్చేసరికి తక్కెడ ముల్లు ఊగుతూనే ఉంది, ఆగదు, వేలితో పట్టి ఆపాలన్నా ఆగదు.

కత్తెర దగ్గర కూడా ఇలాగే. అమ్మ పోయాక, పెట్టె తెరిస్తే, పైనే ఉంది, నల్లటి పిడుల పెద్దకత్తెర, అమ్మ బొటనవేలు పడి పడి ఒకచోట నున్నగా అరిగింది. పెద్దదాన్ని నేను, నాకే రావాలి అంది తను. దగ్గరుండి చూసింది నేను అంది చెల్లెలు. చూసినదానికి కూలి అడుగుతున్నావా అంది తను. అలా అనాల్సింది కాదు, కానీ ఆ పూట ఆ మాట తూకం వేయకుండా వచ్చేసింది, కత్తెరా తనతోనే వచ్చేసింది. ఆ తర్వాత సందులో ఎదురుపడితే ఒకరు గోడలు చూసుకోవడం, ఒకరు చెప్పులు చూసుకోవడం. పిల్లలు పెద్దమ్మా పిన్నీ అని దొంగతనంగా పిలుచుకోవడం. ఎన్నేళ్లు అలా. ఈ గౌను పని వచ్చి, గడువు తక్కువై, పట్టుమీద చెయ్యి తిరిగినవాళ్లు ఊళ్లో ఇంకెవరూ లేక, పోనీలే అని, పని కోసమే అని, తనకి తను చెప్పుకుంటూ ఆ గుమ్మం దగ్గర నిలబడింది. చెల్లెలి నోటినిండా గుండుసూదులు. చూసింది. ఒక్కొక్కటే తీసి గుడ్డకి గుచ్చుకుంటూ, చూస్తూ, చివరి సూది తీసేదాకా మాట్లాడలేదు. తీసి, "సూదులుండబట్టి బతికిపోయావక్కా, లేకపోతే తిట్టేదాన్ని" అంది. "ఇప్పుడు తిట్టు," అంది తను. "ఇప్పుడా, మర్చిపోయా. కూర్చో." ఆ కత్తెరే ఇప్పుడు ఒళ్లో ఉంది. పని మొదలైన రోజు తనే తీసుకెళ్లి బల్లమీద ఇద్దరికీ మధ్య పెట్టింది. ఎవరిదో అడగలేదు ఎవరూ. ఎవరికి కావాలంటే వాళ్లు అందుకున్నారు.

తలుపు కొంచెం తెరుచుకుంది. తాళంచెవులు ముందు, గొంతు వెనక. "మెడ దగ్గర పోగు వేలాడుతోంది. ఒకళ్లు రండి, కత్తెర తెచ్చుకుని."

చెల్లెలు లేవబోయింది. తూకాలమ్మ ముందు లేచింది.

గదిలో తెరల వెనక పగలు ఉన్నట్టే లేదు. దీపాలు, అద్దాలు, అద్దాల్లో మళ్లీ దీపాలు. మధ్యలో ఆ పిల్ల, తల వెనక తెల్లటి మేలిముసుగు వేలాడుతూ, చేతులు కాస్త ఎడంగా పెట్టుకుని, ఆరని గోడకి తగలకూడదన్నట్టు నిలబడి ఉంది. గౌను. దేవుడా, ఎంత బాగుంది. నడుము దగ్గర కుచ్చు కుచ్చు మీద ఎలా పడిందో, కుట్టుగదిలో బల్లమీద ఇన్నాళ్లూ చచ్చిన పట్టులా పడి ఉన్నది ఒంటిమీదకి ఎక్కగానే ఊపిరి తీసుకుంటోంది. ఎడమవైపు చూడొద్దనుకుని చూసింది. ఏం లేదు. దీపానికి ఏం లేదు, మోసం, అన్నీ ఒకటే రంగు. మెడ దగ్గరికి వంగి పోగు తుంచింది. ఆ పిల్ల మెడమీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఎవరికీ వినపడకుండా, అద్దంలో చూస్తూ, "మెట్లమీద తొక్కుకుని పడిపోతే?" అంది. రాజుగారి కూతురు అడగాల్సిన ప్రశ్న కాదు, ఏ ఆడపిల్లైనా అడిగే ప్రశ్న. "పాదంతో అంచుని ముందుకి తోస్తూ దిగండమ్మా, ఎత్తి అడుగు వేయకండి. చూపు చివరిమెట్టు మీద పెట్టండి," అంది. ఆ పిల్ల తల ఊపింది. అప్పుడు చెప్పొచ్చు. మాట నాలుకమీదకి వచ్చి కూర్చుంది, గలగలమ్మ అడుగుదూరంలో ఉంది, తెర తాడు చేతికందేంత దగ్గర. ఎవరు చేశారు? ఆ ప్రశ్న ముందే వినిపించింది. జవాబు కూడా ముందే వినిపించింది, తన గొంతులోనే, నునుపుగా, అబద్ధం లేకుండా. ఆ నునుపు చూసి భయమేసింది. కత్తెర మూసుకుని బయటికి వచ్చేసింది. తలుపు మూసుకుంది.

"చెప్పావా?" అంది చెల్లెలు.

తూకాలమ్మ కూర్చోబోయి ఆగింది. "ఏం చెప్పాలి?"

చెల్లెలు సూదుల గుడ్డ ఉండని ఒళ్లో అటు తిప్పి ఇటు తిప్పింది. కిటికీవైపు చూసింది. ఇందాకట్నుంచి ఈ పిల్ల, పిల్లేమిటి, నడివయసు మనిషి, ఆ కిటికీనే చూస్తోంది కదా. వాన పడితే బావుణ్ణు. ఉక్కగా ఉంది. ఉక్క కాదు. ఒకే బల్లమీద, పక్కపక్కన కూర్చుని, ఇద్దరూ ఒకే మబ్బుకి మొక్కుతున్నారు, ఒకరికొకరు తెలియకుండా.

"ఎప్పట్నుంచి తెలుసే నీకు?"

"అతికిన సాయంత్రం నుంచి. మడత పెడుతుంటే చేత్తో నిమిరా. పక్క ముక్క చేతి కింద జారిపోయింది, ఇది ఎదురు తిరిగింది. తిప్పి చూస్తే కిందికి ఉండాల్సిన మా బాణం మీవాటిలా పైకుంది."

"మరి నోరు పడిపోయిందా? అప్పటికప్పుడు ఊడదీసేవాళ్లం కదా!"

"ఊడదీస్తూ ఎవర్ననేదానివి?" చెల్లెలి గొంతు గుసగుసలోనే పదునెక్కింది. "కత్తిరించింది నీ వాళ్లే అంటావు. బాణం గీసింది నువ్వే అంటావు. మళ్లీ మొదలు. ఇన్నేళ్లకి గుమ్మం తొక్కావు, కత్తెర తెచ్చి బల్లమీద పెట్టావు, నా కూతురు నీ ఒళ్లో తలపెట్టి నిద్రపోయింది. దీనికోసం మళ్లీ గోడలు చూసుకుంటూ నడవాలా నేను?"

"అతికింది నా వాళ్లే కదే."

"అదే చెప్దామనుకున్నా లోపల. పిలిస్తే వెళ్లి, మా ముక్క సరిగ్గానే ఉందండీ, అతికింది మా అక్కవాళ్లండీ అని. ఇందాక లేచింది అందుకే." చెల్లెలు ముక్కు ఎగబీల్చింది. "నీ ఒక్కదానికేనా తక్కెడ? నేనూ ఆ తల్లి కూతుర్నే."

తూకాలమ్మ కూర్చుంది. ఏదో అనాలనుకుంది, కోపంగా, కానీ కోపం వచ్చేలోపు ఇంకోటి వచ్చింది, నవ్వులాంటిది. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు అమ్మేయడానికి ఒకే బల్లమీద వరసలో కూర్చున్నారు. అమ్మ చూస్తే ఇద్దరి చెవులూ ఒకే చేత్తో పట్టుకునేది. అంతలో నేలమీద చదరం లేచింది. ఈసారి పడుకోలేదు. పచ్చగా, గట్టిగా, రాళ్ల అతుకులు కనిపించేలా ఎండ వసారాలోకి నడిచి వచ్చి ఇద్దరి పాదాల ముందు నిలబడింది. చెల్లెలు కాళ్లు వెనక్కి లాక్కుంది. ఇద్దరి కాళ్లూ ఒకేసారి బల్లకిందకి పోయాయి, వరదనీళ్లు వచ్చినట్టు. దూరంగా జనం గొంతు, ఒక్కటే పెద్ద గొంతు, మెట్లకింద. లెక్క. ఇంకా లెక్క ఏమిటి, మబ్బు చేతులెత్తేసింది. ముక్క ఊడదీసి తిప్పడానికి టైములేదు. వేరే పట్టు లేదు. దాచాలి. దేనితో? దీపానికి దొరకనిది, ఎండకే దొరుకుతుంది. నీడ ఉంటే దొరకదు. నీడ. మబ్బు కాకపోతే ఇంకోటి, మబ్బులా పలచనిది, పైన పడేది, తెల్లది.

"మేలిముసుగు," అంది.

చెల్లెలు చూసింది.

"తల వెనక నుంచి నడిమధ్యలో వేలాడుతుంది కదా. ఎడమకి తెచ్చి, అతుకు వెంబడి టాకాలు వేస్తే? సరిగ్గా దాని మీద. కింద నల్లగా కనిపిస్తే ముసుగు నీడ అనుకుంటారు."

చెల్లెలి పెదాలు కదిలాయి, లోపల కొలుస్తోంది. "పొడవు సరిపోతుంది. చెరో సూదీ పట్టి, నువ్వు పైనుంచి, నేను కిందినుంచి, ఎడంఎడంగా టాకాలు వేసుకుంటూ వస్తే మధ్యలో కలుస్తాం." తలుపువైపు చూసింది. "కానీ తెర తీసి చూపించాలి. చూపిస్తే అడుగుతారు."

"అడుగుతారు," అంది తూకాలమ్మ. లేచి తలుపు కొట్టింది. పిలవకుండా కొట్టకూడని తలుపు అది.

గలగలమ్మ ముఖం తలుపుసందులో కనిపించింది. "ఏంటి?"

"తెర తీయించండమ్మా, ఒక్క కిటికీ. చూపించాల్సింది ఉంది."

ఆ తర్వాత అంతా అడుగడుగునా వేరువేరుగా గుర్తుంటుంది ఆమెకి, బల్లమీద పరిచిన ముక్కల్లా. తెర తాడు జారిన చప్పుడు. దీపాలన్నీ ఒక్కసారి వెలవెలబోవడం. గౌను మీద ఎండ, ఆ పట్టు మెరుపు, అందరి గొంతుల్లోంచి ఒక ఆహా, ఆ ఆహా సగంలో తెగడం. ఆ పిల్ల భుజం మీదుగా వెనక్కి తిరిగి అద్దంలో చూసుకోవడం. తాళంచెవులు నిశ్శబ్దమైపోవడం, గలగలమ్మ వాటిని పిడికిట్లో అంత గట్టిగా పట్టుకుంది.

"ఇది కత్తిరించిందెవరు?"

వచ్చింది. అదే ప్రశ్న, అనుకున్న చోటే. జవాబు కూడా సిద్ధంగానే ఉంది, నునుపుగా. తూకాలమ్మ దాన్ని నోట్లో ఒకసారి తిప్పింది, ఎంత తేలికగా ఉందో చూసింది. ఒక గది, వెనక వంటిల్లు. నోటినిండా గుండుసూదులు. కూర్చో. ఇన్నాళ్లూ ఏ మాటైనా తక్కెడలో వేస్తే ఒకవైపు వంగేది. ఈ మాట వేస్తే తక్కెడే తెగిపోయేలా ఉంది.

"నా దుకాణంలో కుట్టిన గౌను ఇది. ఇందులో ప్రతి ముక్కా నాదే," అంది.

"ఇద్దరిదీ," అంది వెనక గుమ్మంలోంచి చెల్లెలు. "బాణం నాది, అతుకు ఆమెది."

"ఏ బాణం? ఏం వాగుతున్నారు మీరిద్దరూ?" గలగలమ్మ ముఖం సున్నం కొట్టినట్టుంది. "ముద్ర సంగతి ఇక మర్చిపో. పెళ్లి కానీ, తర్వాత మిగతాది మాట్లాడతాను."

"మాట్లాడండి," అంది తూకాలమ్మ. ముద్ర పోయిందని తెలిసింది, అది పోవడం కూడా వినిపించింది, ఎక్కడో చిన్నగా, గుండీ తెగి నేలమీద దొర్లినట్టు. వంగి వెతుక్కునే టైము లేదు. "ఇప్పుడు మాత్రం నన్ను మోకాళ్లమీద కూర్చోనివ్వండి."

ఆ పిల్ల అద్దంలోంచే అడిగింది. "దాగుతుందా?"

"దాగుతుందమ్మా. కదలకుండా నిలబడితే."

నిలబడింది. పాపం, ఊపిరి కూడా అడిగి తీసుకుంటున్నట్టు నిలబడింది. తూకాలమ్మ నడుము దగ్గర మొదలుపెట్టింది, చెల్లెలు నేలమీద కూలబడి అంచు దగ్గర. జనం గొంతు పెరుగుతోంది. టాకా, ఎడం, టాకా. కుట్టు పట్టు మీద పడకూడదు, అతుకు గాడిలోనే పడాలి. చిన్నప్పుడు అమ్మ ఒకే దుప్పటి చెరో కొసా ఇచ్చి కుట్టమనేది, మధ్యలో ఎవరు ముందు చేరతారో అని పందెం. చెల్లెలు ఎప్పుడూ పెద్ద పెద్ద టాకాలు వేసి గెలిచేది, అమ్మ ఊడదీయించేది. ఇప్పుడు చిన్నవే వేస్తోంది. కిందనుంచి ఊపిరి చప్పుడు దగ్గరవుతోంది. గంటలు. మొదటి గంటకి ఆ పిల్ల ఒళ్లు జలదరించింది, పట్టు మొత్తం నీళ్లలా కదిలింది. "నిలబడమ్మా, నిలబడు," అంది చెల్లెలు, మర్యాద మరిచి, సొంత కూతురితో అన్నట్టు. చెల్లెలి తల వచ్చి తన మోచేతికి తగిలింది. రెండు దారాలు ఒకేచోట. ముడి వేయాలి, కత్తెర ఎక్కడో బల్లమీద ఉండిపోయింది. ఇద్దరూ వంగి, చెరో దారం పళ్లతో తెంపారు.

తలుపులు తెరిచారు. ఆ పిల్ల వెళ్లిపోయింది, పాదంతో అంచుని తోస్తూ, చూపు చివరిమెట్టు మీద పెట్టి. గలగలమ్మ వెనకే వెళ్లింది, నడుముకి తాళంచెవులు చప్పుడు చేస్తూ. వసారాలో కిటికీ దగ్గర ఇద్దరూ మిగిలారు. కింద మెట్లు తెల్లగా మండుతున్నాయి, ఒక్క మబ్బు లేదు, ఎండ దయాదాక్షిణ్యాలు లేకుండా కాస్తోంది. గౌను ఆ ఎండలోకి దిగింది. ఎడమవైపు ముసుగు కింద నల్లగా ఒక గీత, ఉంది, తెలిసినవాళ్లకి ఉంది, ముసుగు కదిలితే ఆ నీడా కదిలినట్టే ఉంది. జనం అరిచారు. ఏం అరిచారో ఇద్దరూ చెవులు రిక్కించి విన్నారు. ఉత్త సంతోషమే. బండి కదిలింది.

"రేపట్నుంచి ఊళ్లో పెళ్లికూతుళ్లందరూ ముసుగు ఎడమకే అడుగుతారు చూడు," అంది చెల్లెలు.

"ముద్ర లేని దుకాణాన్ని ఎవరడుగుతారే."

"నన్నడుగుతారు. నీ దగ్గరికి పంపిస్తా." కళ్లు తుడుచుకుంది, ఎండకి అన్నట్టు. బల్లమీద కూలబడి, సామానులోంచి సుద్దముక్క వెతికి తీసింది. "అది సరే, ఇకనుంచి ఎటు గీద్దామో చెప్పు. పైకా, కిందికా? నువ్వు పైకంటే పైకే గీస్తా పో, అమ్మ వచ్చి తిడితే నువ్వు చెప్పుకో."

ఇకనుంచి. ఆ మాటని తూకాలమ్మ కాసేపు చేతిలో పట్టుకుని చూసింది. తూకం వేయలేదు. చెల్లెలి చేతిలోంచి సుద్ద తీసుకుంది. పైకి గీస్తే అత్త, కిందికి గీస్తే అమ్మ. ఇద్దరూ లేరిప్పుడు. అంచులవ్వకి బాణం కనిపించదు కూడా.

"బాణం వద్దే," అంది. బల్లచెక్క మీద సుద్దతో చిన్న సున్నా చుట్టింది. అందులో రెండు చుక్కలు పెట్టింది. "తల గీద్దాం. తల ఉన్నది పైకొస. ఇక ఏ అత్తా ఏ అమ్మా తప్పుగా చదవలేరు."

చెల్లెలు వంగి చూసింది. "ముక్కు?"

ముక్కు పెట్టింది. చెల్లెలు సుద్ద లాక్కుని నడుముదాకా గీత గీసి, పక్కన తాళంచెవుల గుత్తి ఒకటి తగిలించింది. తూకాలమ్మకి నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది, చేత్తో నోరు మూసుకుంది, లాభం లేకపోయింది. వసారా అటుచివర నిజం గుత్తి గలగలమంది, ఇటే వస్తోంది, త్వరత్వరగా. తూకాలమ్మ లేచి నిలబడి చీర సర్దుకుంది. సూదులూ దారాలూ చెల్లెలు ఒళ్లోకి తీసుకుంది, అమ్మ కత్తెర తను పట్టుకుంది. బల్లమీద బొమ్మ మాత్రం ఇద్దరిలో ఎవరూ తుడవలేదు.